మందుబిళ్ల నడిచొచ్చిన దారి

బాలానగర్ నుంచి పటాన్‌చెరు, పాశమైలారం మీదుగా నక్కవాగు దాకా... మనం మింగే మాత్ర వెనక ఉన్న ఊళ్లను ఓసారి చూసొద్దాం.

రాత్రి అన్నాలయ్యాక మాత్రలు వేసుకోవడం ఇప్పుడు చాలా ఇళ్లలో ఉన్నదే. నాన్నది బీపీ, అమ్మది షుగరు. పిల్లాడికి దగ్గొస్తే సీసా, తాతయ్యకు ఆయాసమొస్తే ఇన్‌హేలరు. ధర చూస్తాం, గడువు తేదీ చూస్తాం. అట్ట మీద సన్నటి అక్షరాల్లో ఉండే ఊరి పేరు మాత్రం చూడం. చూస్తే హైదరాబాద్ చుట్టుపక్కల పేర్లు తరచూ కనిపిస్తాయి. అట్ట మీద లేకపోయినా లోపలి మందుపొడి ఇక్కడిదే కావచ్చు. ప్రపంచం వాడే జనరిక్ మందుల్లో, పరిమాణం లెక్కన, దాదాపు 20 శాతం మనదేశానివే. అందులో పెద్ద వాటా హైదరాబాద్‌ది.

ఆ మాత్ర పుట్టిన దారిలో వెళితే గర్వపడే చోట్లున్నాయి, తల దించుకోవాల్సిన చోట్లూ ఉన్నాయి. రెండూ ఒకే రోడ్డు మీద, ముప్ఫై నలభై కిలోమీటర్ల దూరంలోనే ఉన్నాయి.

బాలానగర్‌లో మొదలు

బాలానగర్ వైపు వెళ్లే బస్సులో 'ఐడీపీఎల్' అంటే ఇప్పటికీ దిగాల్సిన స్టాపు పేరు. ఫ్యాక్టరీ చప్పుడు ఆగిపోయి ఏళ్లయింది కానీ పేరు పోలేదు. ఇండియన్ డ్రగ్స్ అండ్ ఫార్మాస్యూటికల్స్ లిమిటెడ్‌ను కేంద్ర ప్రభుత్వం 1961లో స్థాపించింది. సోవియట్ యూనియన్ సాయంతో రిషికేశ్‌లో యాంటీబయోటిక్స్ ప్లాంటు, ఇక్కడ రసాయన మందుల ప్లాంటు కట్టారు. మందుల కోసం విదేశాల వైపు చూసే రోజులవి.

ఈ ప్రాంగణం ఎన్ని మాత్రలు ఇచ్చిందో కానీ, అంతకన్నా విలువైనది మరొకటి ఇచ్చింది. మందు తయారు చేయడం తెలిసిన మనుషుల్ని! ఇక్కడ ఉద్యోగం చేసి బయటికి వెళ్లినవారు సొంత కంపెనీలు పెట్టారు. 1984లో డాక్టర్ రెడ్డీస్ స్థాపించిన కల్లం అంజిరెడ్డి వాళ్లలో ఒకరు. 1970 నాటి పేటెంట్ల చట్టం 1972లో అమల్లోకి వచ్చింది. మందుకు కాదు, దాన్ని తయారుచేసే పద్ధతికే పేటెంటు అన్నది అందులోని కీలకం. అదే మందును వేరే దారిలో చేయగలిగితే తప్పు లేదన్నమాట. మన కెమిస్టులు ఆ దారులు వెతికారు. ధరలు దిగొచ్చాయి. మనదేశంలోనే కాదు, ఆఫ్రికాలోని పేదలకూ మన మందు అందింది. ఈ మంచిని మరిచి మిగతా కథ చెబితే అన్యాయమవుతుంది.

2016లో ఐడీపీఎల్‌ను మూసేయాలని కేంద్రం నిర్ణయించింది. అయితే 2007లోనే ఆ ప్రాంగణంలో నైపర్ మొదలైంది. ఔషధ విద్య, పరిశోధనలకు పెట్టిన జాతీయ సంస్థ ఇది. మందును శరీరంలో కావాల్సిన చోటికి, కావాల్సిన మోతాదులో ఎలా చేర్చాలన్నది ఇక్కడ నేర్పే, పరిశోధించే అంశాల్లో ఒకటి. దీన్నే 'డ్రగ్ డెలివరీ' అంటారు. మాత్ర, క్యాప్సూల్, సూది, పట్టీ, ఇన్‌హేలర్... ఇవన్నీ అందులోకే వస్తాయి. ఈ మాట గుర్తుంచుకోండి. మళ్లీ దీని దగ్గరికే వస్తాం.

ముంబయి హైవే మీద...

బాలానగర్ నుంచి కూకట్‌పల్లి మీదుగా ముంబయి హైవే ఎక్కితే మియాపూర్, రామచంద్రాపురం దాటాక పటాన్‌చెరు. ఒక పక్క 1972లో ఏర్పడిన ఇక్రిశాట్ పచ్చటి పొలాలు. మెట్టపంటల మీద ప్రపంచమంతటికీ పాఠాలు చెప్పే సంస్థ. మరో పక్క పొగగొట్టాలు, ట్యాంకర్లు, షిఫ్టు బస్సులు. పంట ఎలా పండించాలో చెప్పే చోటు, పంట ఎందుకు పండటం లేదని రైతులు కోర్టుకెక్కిన చోటు... రెండూ పక్కపక్కనే!

1970ల నుంచి ఇక్కడ పారిశ్రామికవాడ పెరిగింది. హైవే ఉంది, నగరం దగ్గర, భూమి చవక, ఐడీపీఎల్ తయారుచేసిన నిపుణులు అందుబాటులో ఉన్నారు. వెనుకబడిన ప్రాంతమని రాయితీలూ ఇచ్చారు. పటాన్‌చెరు, బొల్లారం, ఖాజీపల్లి, గడ్డపోతారం, పాశమైలారం... ఒకదాని వెనక ఒకటి ఫ్యాక్టరీలొచ్చాయి. ఉద్యోగాలూ వచ్చాయి. వాటితోపాటు మురుగూ వచ్చింది.

పటాన్‌చెరు దగ్గరి చిన్నపాయ పేరు ఇసకవాగు. అది నక్కవాగులో, నక్కవాగు మంజీరలో, మంజీర గోదావరిలో కలుస్తాయి. ఫ్యాక్టరీలు వదిలిన నీళ్లు ఈ దారి పట్టాయి. బచ్చుగూడెం, చిద్రుప్ప, ఆరుట్ల, ఇస్మాయిల్‌ఖాన్‌పేట లాంటి ఊళ్లలో బావుల నీళ్లు రంగు మారాయి. వాగు కింద వరి వేసిన రైతులు నష్టపోయారు. చివరికి 1990లో వ్యవహారం సుప్రీంకోర్టుకు చేరింది. జిల్లా జడ్జితో విచారణ జరిపించి, నష్టపోయిన రైతులకు పరిహారం ఇమ్మని కోర్టు ఆదేశించింది. కేసు 2001లో హైకోర్టుకు, ఆ తర్వాత జాతీయ హరిత ట్రైబ్యునల్‌కు వెళ్లింది. ఒక తరం పొలం వదిలేసి ఫ్యాక్టరీ గేటు ముందు నిలబడేంత కాలం ఆ కాగితాలు కోర్టుల మధ్య తిరిగాయి. ఈ పోరాటంలో స్థానిక వైద్యుడు డాక్టర్ కిషన్‌రావు ముందు నిలిచారు. రోగులకు రాసే మందే వాగులో పారుతోందని ఒక వైద్యుడే చెప్పాల్సి రావడం ఎంత విడ్డూరం!

2009లో కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి దేశంలోని పారిశ్రామికవాడలకు మార్కులు వేసింది. 70 దాటితే కాలుష్యం ప్రమాదకర స్థాయిలో ఉన్నట్టు. పటాన్‌చెరు-బొల్లారం 70 దాటింది.

పదహారు లీటర్లకు ఒక మాత్ర

ఇంతకీ ఆ నీళ్లలో ఏముంది? ఈ ప్రశ్నకు జవాబు స్వీడన్ శాస్త్రవేత్తలు చెప్పారు. జోకిమ్ లార్సన్ బృందం పటాన్‌చెరులోని ఉమ్మడి శుద్ధి కేంద్రం నుంచి బయటికొచ్చే నీటిని పరీక్షించి 2007లో ఫలితాలు ప్రచురించింది. సుమారు 90 మందుల కంపెనీల వ్యర్థజలాలు చేరే కేంద్రమది. గమనించండి, పరీక్షించింది శుద్ధి చేయకముందు నీళ్లను కాదు, శుద్ధి చేశాక వదిలినవాటిని!

అందులో సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయోటిక్ లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా ఉంది. ఆ మాత్ర వేసుకున్న మనిషి రక్తంలో ఉండేదానికన్నా ఎక్కువ. మన లెక్కలో చెప్పాలంటే, పదహారు లీటర్ల నీళ్లలో ఒక 500 మిల్లీగ్రాముల మాత్ర. రోజుకు 40 కిలోలకు పైగా ఈ ఒక్క మందే నీళ్లలో పోతోందని వాళ్లు అంచనా వేశారు. తొంభై లక్షల జనాభా ఉన్న స్వీడన్ అయిదు రోజుల్లో వాడే మందు అంత! 2009లో మరో అధ్యయనం చుట్టుపక్కల చెరువుల్లో, ఊళ్ల బావుల్లోనూ మందుల ఆనవాళ్లు చూపించింది.

'మందే కదా, విషం కాదుగా' అనుకోవచ్చు. అసలు ప్రమాదం అక్కడే ఉంది. యాంటీబయోటిక్‌లో నానుతూ బతకడం నేర్చుకున్న బ్యాక్టీరియా ఆ మందుకు లొంగదు. లొంగకుండా ఉండే గుణాన్ని పక్కనున్న సూక్ష్మజీవులకూ పంచుతుంది. ఈ శుద్ధి కేంద్రం దిగువన వాగు మట్టిలో అలాంటి జన్యువులు పెద్దసంఖ్యలో ఉన్నట్టు 2011లో తేలింది. యాంటీబయోటిక్స్‌కు లొంగని బ్యాక్టీరియా వల్ల 2019లో ప్రపంచవ్యాప్తంగా నేరుగా 12 లక్షల 70 వేలమంది చనిపోయారని అంచనా. అదంతా వాగుల పుణ్యమే అనలేం. ఆస్పత్రుల్లో, పశువుల దాణాలో, మన ఇళ్లలో విచ్చలవిడి వాడకం పెద్ద కారణం. కానీ మందు తయారయ్యే చోటే మందు పనికిరాకుండా పోయే మార్గం తెరిచి పెడితే ఎలా?

వాగు మారింది... అంతే!

అధ్యయనాలు పత్రికల్లో వచ్చాక కదలిక వచ్చింది. శుద్ధి చేసిన నీళ్లను ఇసకవాగులోకి వదలకుండా పైపులైను వేసి హైదరాబాద్ మురుగు వ్యవస్థలో కలిపి, అంబర్‌పేట శుద్ధి కేంద్రానికి పంపారు. అక్కణ్నుంచి మూసీకి. భూగోళం పాఠం గుర్తు చేసుకోండి. ఇసకవాగు నీరు గోదావరికి పోతుంది. మూసీ నల్లగొండ జిల్లా వాడపల్లి దగ్గర కృష్ణలో కలుస్తుంది. ఒక నది పరీవాహక ప్రాంతపు బరువు మరో నది నెత్తికెక్కిందన్నమాట!

ఇప్పుడు చాలా కంపెనీలు చుక్క నీరు కూడా బయటికి వదలని పద్ధతి పాటిస్తున్నామంటున్నాయి. వ్యర్థజలాన్ని మరిగించి ఆవిరిని చల్లార్చి మళ్లీ వాడటం, అడుగున మిగిలిన ఉప్పును దుండిగల్‌లోని ప్రమాదకర వ్యర్థాల కేంద్రానికి పంపడం. మంచిదే. కానీ మరిగించడానికి బొగ్గో కరెంటో కావాలి. ఉప్పును శాశ్వతంగా భద్రపరచాలి. 2017లో గండిగూడెం చెరువులో చేపలు లక్షల్లో చచ్చి తేలినప్పుడు, అంతా సర్దుకుందన్న భ్రమ కూడా తేలిపోయింది. పుట్టాక దాచేకన్నా వ్యర్థం పుట్టకుండా చూడటం మేలు.

పాశమైలారం చెప్పిన పాఠం

పటాన్‌చెరు దాటి ఇస్నాపూర్ దగ్గర హైవే దిగితే పాశమైలారం. ఉదయం షిఫ్టు వేళకి ఇక్కడ హిందీ, ఒడియా, భోజ్‌పురి, తెలుగు కలగలిసి వినిపిస్తాయి. వెడల్పాటి రోడ్లు, వరసగా షెడ్లు, చిన్న గదుల్లో నలుగురైదుగురు సర్దుకునే కార్మికులు.

ఇక్కడ ఆగి మాత్ర గురించి ఒక సంగతి చెప్పుకోవాలి. బీపీ మాత్రలో అసలు మందు 5 మిల్లీగ్రాములే ఉండొచ్చు. అంత చిన్నది వేళ్లకు దొరకదు. అందుకే మాత్ర బరువులో ఎక్కువభాగం మందు కానిదే. ఆకారం కోసం, విరిగిపోకుండా ఉండటానికి, కడుపులో సరైన వేళకు కరగడానికి రకరకాల పొడులు కలుపుతారు. అందులో ముఖ్యమైనది మైక్రోక్రిస్టలైన్ సెల్యులోజ్. కలపగుజ్జు నుంచి తీసే తెల్లటి పొడి. దాదాపు ప్రతి ఇంట్లోనూ దీన్ని ఏదో ఒక మాత్రలో మింగే ఉంటారు. పేరు మాత్రం ఎవరికీ తెలియదు.

2025 జూన్ 30న పాశమైలారంలో పేలిన సిగాచి ఫ్యాక్టరీ ఈ పొడిని తయారుచేసేదే. ఆచూకీ దొరకని వాళ్లనూ కలుపుకుంటే 50 మందికి పైగా చనిపోయారు. వాళ్లలో చాలామంది బిహార్, ఒడిశా, ఉత్తరప్రదేశ్ లాంటి రాష్ట్రాల నుంచి పొట్ట చేతపట్టుకుని వచ్చినవాళ్లు. గుర్తుపట్టడానికి డీఎన్ఏ పరీక్షలు చేయాల్సి వచ్చింది. మందులో రోగాన్ని తగ్గించేది కాదు, మాత్రకు ఆకారాన్నిచ్చే పొడి అది. దాని వెనక ఇన్ని ప్రాణాలున్నాయి. మాత్ర లెక్క రాయాలంటే నీళ్లొక్కటే కాదు, ఈ మనుషులూ అందులో ఉండాలి.

లెక్క ఎక్కడ మొదలవ్వాలి?

మళ్లీ బాలానగర్‌లో చెప్పుకున్న డ్రగ్ డెలివరీ దగ్గరికొద్దాం. వాగు దాకా పోయే కథ నిజానికి ప్రయోగశాల బల్ల మీదే మొదలవుతుంది. ఏ సాల్వెంటు వాడాలి, ఎంత మోతాదు పెట్టాలి, ఏ రూపంలో ఇవ్వాలి... ఇవన్నీ అక్కడే తేలిపోతాయి. ఫ్యాక్టరీ వాటిని పెద్దయెత్తున చేస్తుంది, అంతే.

రోజర్ షెల్డన్ అనే రసాయన శాస్త్రవేత్త 1992లో ఓ సులువైన కొలత చెప్పారు. కిలో సరుకు తయారీకి ఎన్ని కిలోల వ్యర్థం వస్తోంది? పెట్రోలు శుద్ధిలో పదోవంతు కిలో కూడా రాదు. మందుల్లో మాత్రం 25 నుంచి 100 కిలోలు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ! అందులో పెద్దవాటా సాల్వెంట్లదే. దీన్ని తగ్గించడం సాధ్యమేనని అదే రంగం నిరూపించింది. సెర్ట్రలిన్ అనే డిప్రెషన్ మందు తయారీలో నాలుగు రకాల సాల్వెంట్లకు బదులు ఒక్క ఇథనాల్‌తో పని కానిచ్చినందుకు ఫైజర్‌కు 2002లో అమెరికా ప్రభుత్వ హరిత రసాయన పురస్కారం దక్కింది.

నానో కణాలు, లిపోజోములు అంటూ వార్తల్లో చదివే కొత్త డెలివరీ పద్ధతులకూ ఇదే సూత్రం. వాటి తయారీలో డైక్లోరోమీథేన్, క్లోరోఫామ్ లాంటివి మామూలే. ప్రయోగశాలలో గ్రాముల్లో ఉన్నప్పుడు ఎవరికీ పట్టదు. టన్నులకు చేరాక మార్చడం కష్టం. ఇక మైనస్ 80 డిగ్రీల ఫ్రీజరొకటి రోజుకు 15 నుంచి 20 యూనిట్ల కరెంటు తాగుతుంది. మన ఇంటి నెల బిల్లుతో పోల్చి చూసుకోండి! వాడి పారేసే ప్లాస్టిక్ సంగతి సరేసరి. జీవశాస్త్ర ప్రయోగశాలలు 2014లో పారేసిన ప్లాస్టిక్ 55 లక్షల టన్నులని ఒక అంచనా.

రూపం మారితే ఏమవుతుందో చెప్పడానికి మూడు ఉదాహరణలు చాలు.

ఒకటి, మోతాదు. సిప్రోఫ్లాక్సాసిన్ మాత్ర వేసుకుంటే దాదాపు సగం మందు మారకుండానే మూత్రంలో పోతుంది. షుగరుకు వాడే మెట్‌ఫార్మిన్ శరీరంలో విచ్ఛిన్నం కాదు, దాదాపుగా ఉన్నదున్నట్టే బయటికొస్తుంది. మందు ఒంటికి ఎక్కువ పట్టే రూపమిస్తే తక్కువ మోతాదు చాలు. తక్కువ తయారుచేస్తే చాలు. ఫ్యాక్టరీ దగ్గరా, ఇంటి దగ్గరా... రెండుచోట్లా నీటికి మేలు.

రెండోది ఇన్‌హేలర్. నొక్కగానే 'స్‌స్' మని వచ్చే గ్యాస్ ఇన్‌హేలర్లలో ఎక్కువగా వాడే వాయువు కార్బన్ డయాక్సైడ్ కన్నా వెయ్యిరెట్లకు పైగా భూమిని వేడెక్కిస్తుంది. పొడి పీల్చే రకానికి ఆ వాయువుతో పనే లేదు. క్యాప్సూల్ వేసి పీల్చే పొడి ఇన్‌హేలర్లు మన ఇళ్లలో ఎప్పటినుంచో ఉన్నవే! వేడి పెంచని వాయువుతో చేసిన తొలి ఇన్‌హేలర్‌కు బ్రిటన్ 2025లో అనుమతిచ్చింది.

మూడోది సీసా. పశువులకిచ్చిన డైక్లోఫెనాక్, వాటి కళేబరాలు తిన్న రాబందుల్ని చంపేసింది. మనదేశంలో కొన్ని జాతులు 99 శాతానికి పైగా అంతరించాయి. 2006లో పశువైద్యంలో దాన్ని నిషేధించారు. అయినా మనుషులకని అమ్మే పెద్ద సీసాలు పశువులకు వాడుతూనే వచ్చారు. 2015లో ప్రభుత్వం మనుషుల ఇంజెక్షన్‌ను 3 మిల్లీలీటర్ల ఒక్క డోసుకే పరిమితం చేసింది. ఆవుకో గేదెకో వాడాలంటే అన్ని చిన్న సీసాలు కొనడం గిట్టదు. మందు మారలేదు, సీసా మారింది! డెలివరీ అంటే ఇంత దూరం ఆలోచించాలి.

ఖర్చు ఎవరిది?

ఇవన్నీ చేస్తే ధర పెరగదా? ఈ ప్రశ్న న్యాయమైనదే. చవక మందే మన బలం. పది పైసలు తగ్గితే టెండరు దక్కే వ్యాపారంలో వాగు కోసం ఎవరు ఖర్చు పెడతారు? అందుకే ఒక్క కంపెనీకి వదిలేస్తే కుదరదు. అందరికీ ఒకే నియమం ఉండాలి. యాంటీబయోటిక్ అవశేషాలకు పరిమితులు పెడుతూ కేంద్ర పర్యావరణ శాఖ 2020 జనవరిలో ముసాయిదా తెచ్చింది. 2021 ఆగస్టులో వచ్చిన తుది నోటిఫికేషన్‌లో ఆ పరిమితులు లేవు. 2024 సెప్టెంబరులో ప్రపంచ ఆరోగ్య సంస్థ యాంటీబయోటిక్ తయారీ వ్యర్థాలపై మార్గదర్శకాలిచ్చింది. కొనేవాళ్ల వైపు నుంచీ మార్పు మొదలైంది. నార్వే ఆస్పత్రులు 2019 నుంచి యాంటీబయోటిక్స్ టెండర్లలో ధరతోపాటు పర్యావరణాన్నీ లెక్కలోకి తీసుకోవడం ప్రారంభించాయి. మన ప్రభుత్వ ఆస్పత్రుల టెండర్లలోనూ ఆ గడి ఒకటి ఎందుకుండకూడదు?

మన ఇంటి వంతూ కొంత ఉంది. జలుబుకు యాంటీబయోటిక్ అడగొద్దు. మిగిలిన మాత్రల్ని సింకులో పోయొద్దు. వాడని మందులను ఇళ్ల నుంచి సేకరించే కార్యక్రమాన్ని కేరళ 2025లో మొదలుపెట్టింది, మనమూ అడగాలి. నొప్పి జెల్ రాసుకున్నాక చేతిని కాగితంతో తుడిచి ఆ తర్వాత కడుక్కోండి. ఆయాసం మందు ఏ రకం వాడాలో డాక్టరునే అడగండి, సొంతంగా మార్చొద్దు. అన్నిటికన్నా ముఖ్యం, వాగు బాగుపడాలని ఎవరూ అవసరమైన మందు మానొద్దు. మందు మానడం పరిష్కారం కాదు, మందును మంచిగా చేయడమే పరిష్కారం.

పాశమైలారం వెనక రోడ్లు పట్టుకుని ఉత్తరానికి పోతే నక్కవాగు కనిపిస్తుంది. తుమ్మచెట్లు, రాళ్ల మధ్య సన్నటి ధార, ఒడ్డున గేదెలు. చూడ్డానికి తెలంగాణలోని ఏ వాగైనా ఇలాగే ఉంటుంది. ఇక్కడి రైతులు మాత్రం దాన్ని చూసి నీళ్లెన్ని ఉన్నాయని అడగరు, ఎలాంటివి వస్తున్నాయని అడుగుతారు. ప్రపంచానికి చవకగా మందు అందిందంటే, అసలు ధరలో కొంత ఈ ఊళ్లు కట్టాయి. ఇక కొత్త మందు ఏది వచ్చినా, దాని గుణం గురించి రెండు పరీక్షలు చాలవు. రోగి లేచి తిరిగాడా అన్నది ఒకటి, రేటు అందుబాటులో ఉందా అన్నది రెండోది. మూడోది కూడా ఉండాలి... అది పుట్టిన ఊరు ఆరోగ్యంగా ఉందా?